తలుపు తాళం దాగుడుమూతలు

కారు పూర్తిగా పాడైపోతే ఒక రకంగా నయమే. పాడయ్యిందో లేదో తేలకపోతేనే అసలు తంటా. రిమోటు నొక్కితే మూడు తలుపులు టక్కున తెరుచుకుంటాయి, నాలుగోది ఉలకదు పలకదు. మళ్ళీ నొక్కితే అదీ తెరుచుకుంటుంది. ఆ తరువాత వారం రోజులు బుద్ధిగా ఉంటుంది. దానంతట అదే బాగుపడింది కాబోలని మనం మరిచిపోతాం. రెండు చేతుల్లో కిరాణా సంచులు, భుజం మీద నిద్రపోతున్న పిల్లాడు, పైన జోరున వాన - సరిగ్గా అప్పుడు మళ్ళీ మొరాయిస్తుంది. పోనీ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళామా, పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకులా ఎంతో ఒద్దికగా ఉంటుంది! పదిసార్లు నొక్కితే పదిసార్లూ పనిచేస్తుంది. "ఏ లోపమూ కనపడలేదు" అని కాగితం మీద రాసిచ్చి, చూసినందుకు నూట యాభై డాలర్లు పుచ్చుకుని పంపిస్తారు.

అందుకే మనలో చాలామంది ఈ పని వాయిదా వేస్తారు. మిగతా మూడు తలుపులూ పనిచేస్తున్నాయి కదా, చూద్దాంలే అనుకుంటారు. ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే నేనూ అదే అనేవాణ్ణి. పిల్లలుంటే మాత్రం వాయిదా వెయ్యకూడని రిపేర్లలో ఇదొకటి. ఎందుకంటారా? బయట 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న మామూలు రోజున కూడా, అద్దాలు మూసిన కారులో 10 నిమిషాలకే దాదాపు 99 డిగ్రీలు, అరగంటకి 114 డిగ్రీలు అవుతుంది. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. అమెరికాలో వేడెక్కిన కార్లలో చిక్కుకుని 2018లోనూ, 2019లోనూ ఏడాదికి 50 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఇటువంటి మరణాల్లో సుమారు నాలుగోవంతు ఎవరూ మరిచిపోయి వదిలేసినవి కావు. పిల్లలే ఆడుకుంటూ కారులోకి ఎక్కి, బయటికి రాలేకపోయారు. తాళం చెప్పినమాట వినని తలుపు పక్కనే కార్ సీటు ఉంటే ఆ సంగతి చిన్న విసుగుగా తీసెయ్యడానికి వీల్లేదు.

కాబట్టి స్క్రూడ్రైవరు పట్టుకునే ముందే ఇంటిల్లిపాదికీ తెలియాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. తాళంచెవి కారులో పెట్టి, పిల్లాణ్ణి సీట్లో కట్టి, "ఒక్క నిమిషం" అంటూ తలుపు వెయ్యకండి. తాళంచెవి ఎప్పుడూ మీ ఒంటి మీదే ఉండాలి. బటను నొక్కి స్టార్టు చేసే కార్ల రిమోటులో ఒక చిన్న ఇనప తాళంచెవి దాగి ఉంటుంది. కొన్ని కార్లలో తాళం కన్నం కూడా డ్రైవరు వైపు హ్యాండిల్ దగ్గర ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. దాన్ని ఈ శనివారమే ఒకసారి తీసి తిప్పి చూడండి. ఏళ్ళ తరబడి వాడని తాళం బిగుసుకుపోయి ఉండొచ్చు. కాస్త గ్రాఫైటు పొడి వేస్తే వదులవుతుంది. పిల్లలకి ఇంకో సంగతి నేర్పాలి. వెనక తలుపులకి చైల్డ్ లాకు వేసి ఉంటే లోపలి హ్యాండిల్ ఎంత లాగినా రాదు, కానీ చాలా కార్లలో ముందు తలుపు హ్యాండిల్ లోపలి నుంచి ఒకటి రెండుసార్లు లాగితే తాళం వేసున్నా తెరుచుకుంటుంది. వెనక చిక్కుకుంటే ముందు సీట్లోకి ఎక్కి అది లాగాలి, రాకపోతే హారను మోగిస్తూనే ఉండాలి. మా ఇంటి ముందు ఇది రెండుసార్లు రిహార్సల్ చేయించాను. పక్కింటాయన హారను విని పరిగెత్తుకొచ్చాడు. మంచిదే!

నిజంగానే పిల్లలు లోపల ఇరుక్కుంటే 911కి ఫోన్ చెయ్యండి. ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నా, మాట్లాడిస్తే పలకకపోయినా అద్దం గురించి ఆలోచించవద్దు. బిడ్డకి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, మూలన, గట్టి వస్తువుతో కొట్టాలి. కొత్త కార్లలో కొన్నిటికి పక్క అద్దాలు కూడా ముందు అద్దంలా పొరలు అతికించినవి వస్తున్నాయి, అవి ఒక పట్టాన పగలవు. మీ అద్దం ఏ రకమో దాని మూలన ముద్రించి ఉంటుంది, ఇప్పుడే చూసి పెట్టుకోండి.

ఇక అసలు రిపేరు సంగతికి వద్దాం.

కరెంటు తాళాలు కొత్తవేమీ కావు. 1956 నాటికే ప్యాకార్డ్ కార్లలో ఉన్నాయి. తలుపు లోపల, గడియ పక్కనే, యాక్చువేటర్ అనే చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో బొమ్మకారులో ఉండేటటువంటి మోటారు, దానికి నాలుగు పళ్ళచక్రాలు. చాలా కార్లలో మోటారుకి వచ్చేవి రెండే వైర్లు. తాళం వెయ్యమంటే ఒక వైరులో 12 వోల్టులు వస్తాయి, రెండోది గ్రౌండుగా ఉంటుంది. తియ్యమంటే వైర్ల పాత్రలు తారుమారవుతాయి, మోటారు అటు తిరుగుతుంది. కరెంటు ఉండేది సెకనులో కొంత భాగం మాత్రమే. ఆ రెప్పపాటులో దారిలో ఎక్కడ కాస్త తడబడినా తాళం కదలదు.

పిల్లలూ, ఈ పేరా మీకు. పాత బొమ్మలోంచి చిన్న మోటారు ఒకటి తీసి, ఒక డబుల్ ఏ బ్యాటరీకి తగిలించండి. ఇరుసుకి కాగితం జెండా అంటిస్తే ఎటు తిరుగుతోందో తెలుస్తుంది. ఇప్పుడు రెండు వైర్లూ అటుదిటు, ఇటుదటు మార్చండి. జెండా రెండోవైపు తిరుగుతుంది. మీ కారు తలుపులో జరిగేది ఇదే! రెండో ప్రయోగం: ఒక పేపర్ క్లిప్పుని తిన్నగా సాగదీసి ఒకేచోట ముందుకీ వెనక్కీ వంచుతూ లెక్కపెట్టండి. కాసేపటికి పుటుక్కున తెగుతుంది. లోహం అలా అలసిపోతుంది. కారు తలుపు తీసినప్పుడల్లా అందులోకి వెళ్ళే వైర్లు ఒకసారి వంగుతాయి. రోజుకి పదిసార్లు తీస్తే ఏడాదికి 3,650 సార్లు. పన్నెండేళ్ళకి 43,800 సార్లు. వైరులో సన్నని రాగి పోగులు చాలా ఉంటాయి కాబట్టి అన్నాళ్ళు ఆగుతుంది. కానీ ఎన్నాళ్ళని?

వచ్చిపోయే లోపాన్ని పట్టుకోవడంలో నేను నమ్మే సూత్రం ఒక్కటే: అది ఎప్పుడు వస్తోందో తెలిసేదాకా ఏ భాగమూ మార్చకూడదు. దానికి కారణం లేకుండా మూడ్ రాదు. చలికో, ఎండకో, వానకో, తలుపు వేసి ఉన్నందుకో, పదిసార్లు వరసగా నొక్కినందుకో వస్తుంది. ఆ షరతు తెలిస్తే సగం రిపేరు అయిపోయినట్టే. గ్లవ్ బాక్సులో ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. మొరాయించినప్పుడల్లా తేదీ, వాతావరణం, ఏ తలుపు, రిమోటుతోనా లోపలి స్విచ్చితోనా, తియ్యడమా వెయ్యడమా - ఇంతే రాయండి. రెండు మూడు వారాలు చాలు.

రాసినది చదివితే ముందుగా తేలాల్సింది, లోపం ఒక్క తలుపుదా, అన్నిటిదా అని. అన్ని తలుపులూ రిమోటుకి మాత్రమే మొరాయించి, లోపలి స్విచ్చికి సరిగ్గా పలికితే అనుమానం రిమోటు మీద. చాలావాటిలో సి ఆర్ 2032 అనే నాణెంలాంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. దగ్గరికి వెళితేగాని పనిచెయ్యకపోవడం దాని చివరి దశకి గుర్తు. కొద్ది డాలర్లతో పోతుంది. రెంటికీ అన్నీ మొరాయిస్తే ఫ్యూజు, రిలే, కారు బ్యాటరీ చూడాలి. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కి దిగిందంటే తాళాలే కాదు, రేపో మాపో కారే స్టార్టు కాదు. డ్రైవరు స్విచ్చికి పలకక పక్కసీటు స్విచ్చికి పలికితే దోషం డ్రైవరు స్విచ్చిదే. ఆ స్విచ్చి గుత్తి మీద ఎప్పుడైనా టీ ఒలికిందేమో గుర్తుచేసుకోండి. పంచదార వేసిన టీ ఆరాక లోపల జిగురవుతుంది. మన కార్లలో ఇది తక్కువేమీ కాదని నా అనుభవం.

ఒకే తలుపు అయితే ఆ తలుపు దగ్గరే వెతకాలి. మా పన్నెండేళ్ళ కారు కథ ఇక్కడ చెప్పాలి. కుడివైపు వెనక తలుపు. కొన్నాళ్ళు తెరుచుకుంటుంది, కొన్నాళ్ళు లేదు. ఒక షాపులో చూపిస్తే యాక్చువేటర్ మార్చాలి, 380 డాలర్లు అన్నారు. పరీక్ష ఏమీ చెయ్యలేదు, ఒక్క తలుపు అనగానే అదే అన్నారు. చాలాసార్లు అది నిజం కూడా. కానీ మా నోటుబుక్కు వేరే కథ చెప్పింది. రాసే బాధ్యత పదేళ్ళ మా అమ్మాయిది, ఎందుకంటే ఆ సీటు ఆమెది. మొదటి వారంలో మొరాయించినవన్నీ చలిగా ఉన్న పొద్దుటిపూటలే. గ్రీజు గట్టిపడి మోటారు లాగలేకపోతోందని నా అంచనా. రెండో వారంలో, అడగకుండానే ఒక వాక్యం ఎక్కువ రాసింది: "తలుపు వేస్తే నా వైపు పాట ఆగిపోతోంది." అడిగితే, "అవును నాన్నా, స్పీకరు గరగరమని ఆగిపోతుంది. తలుపు తీస్తే వస్తుంది. అద్దం కూడా ఒక్కోసారి దిగదు. తాళం గురించి రాయమన్నావు కదా, అవి అడగలేదుగా" అంది.

ఆ మాటతో దారి తేలిపోయింది. తాళం మోటారుకీ, స్పీకరుకీ, అద్దం మోటారుకీ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. మూడూ ఒకేసారి చెడిపోవు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే - కారు స్తంభంలోంచి తలుపులోకి వాటి వైర్లన్నీ కలిసి వెళ్ళే మడతల రబ్బరు గొట్టం. తలుపు బారుగా తీసి, కీళ్ళ దగ్గర చూస్తే మీకూ కనపడుతుంది. మా ఆవిడ ముందు సీట్లో కూర్చుని స్విచ్చి నొక్కింది. తలుపు తీసి ఉంచి పదిసార్లు, పదికి పదీ పలికింది. తలుపు వేసి పదిసార్లు, నాలుగుసార్లు పలకలేదు. మళ్ళీ తీసి, నేను ఆ రబ్బరు గొట్టాన్ని చేత్తో మెలిపెడుతుంటే తాళం ఆడింది, ఆగింది, ఆడింది. దొంగ దొరికాడు!

బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, గొట్టాన్ని అంచుల దగ్గర పట్టుకుని బయటికి లాగితే లోపల రెండు వైర్ల తొడుగు పగిలి ఉంది. ఒకటి పూర్తిగా తెగింది, రెండోదానిలో ఆకుపచ్చ చిలుము పట్టి రెండు మూడు పోగులు మిగిలాయి. మూడో వైరు తొడుగు లోపల తెగింది. పైకి బాగానే కనపడుతుంది, కానీ మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది. రాగి ఉన్న వైరు సాగదు.

ఇక్కడ మల్టీమీటరు గురించి ఒక హెచ్చరిక. ఇరవై పోగుల్లో ఒక్కటే మిగిలినా మల్టీమీటరు 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే అది కరెంటు దాదాపు లాగదు. మోటారు లాగబోయేసరికి ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది. అందుకే మోటారు కనెక్టరు దగ్గర పరీక్షకి మామూలు బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపే మంచిది. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఎలక్ట్రీషియన్ల చేతుల్లో చూసింది అదే, హోల్డరులో ఒక బల్బు, రెండు వైరు ముక్కలు. మోటారు రెండు వైర్ల మధ్య బల్బు పెట్టి తాళం నొక్కితే ఒక్కసారి ప్రకాశంగా మెరవాలి. మెరిసినా మోటారు కదలకపోతే మోటారు పోయినట్టు. మినుకుమన్నా, అసలు వెలగకపోయినా దోషం వైర్లది. అయితే ఈ బల్బుని మోటారు వైర్లకే వాడండి. కొత్త కార్ల తలుపుల్లో చిన్న కంప్యూటరు ఒకటి ఉంటుంది, దానికి వచ్చే సన్నటి సమాచార వైర్లకి బల్బు తగిలిస్తే అది పాడు కావచ్చు. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్ బ్యాగులవి, వాటి జోలికి అసలు వెళ్ళవద్దు.

వైర్లు అతికేటప్పుడు తెగినచోటే మెలిపెట్టి టేపు చుడితే ఆరు నెలలు కూడా ఆగదు. వంగేచోట అతుకు ఉండకూడదు. పాడైన ముక్క మొత్తం కోసేసి, అంతే మందం ఉన్న, సన్నపోగుల మెత్తటి వైరు కొత్తది వేసి, ఒక అతుకు తలుపు లోపల, ఇంకోటి స్తంభం లోపల వచ్చేలా చూడాలి. అతుకులన్నీ ఒకేచోట కాకుండా వెనకాముందూ వెయ్యాలి, లేకపోతే గొట్టంలో పట్టవు. మీద వేడికి ముడుచుకునే ట్యూబు వేస్తే నీళ్ళు చేరవు. మాకు పట్టింది శనివారం మధ్యాహ్నం రెండున్నర గంటలు, పదిహేను డాలర్ల లోపు సామాను. అప్పటినుంచి ఆ తలుపు పేరు నోటుబుక్కులోకి ఎక్కలేదు.

అందరిదీ వైర్ల జబ్బే కానక్కరలేదు. చెవి తలుపుకి ఆనించి వినండి. బలహీనంగా "టిక్" అని వినిపించి తాళం కదలకపోతే కరెంటు వస్తోంది, మోటారు అలిసిపోయింది. గడియ ఉన్నచోట పిడికిలితో తట్టినప్పుడే పనిచేస్తే మోటారులోని బ్రష్షులు అరిగాయి. అప్పుడు యాక్చువేటర్ మార్చడమే మందు. పిల్లలు ఆటగా ఇరవైసార్లు నొక్కాక ఆగిపోయి, కాసేపటికి తనంతట తనే పనిచేస్తే అది చాలావరకు లోపం కాదు. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటుని అడ్డుకునే రక్షణ భాగం ఉంటుంది. టెక్సస్ ఎండల్లో అది ఇంకా తొందరగా అడ్డుపడుతుంది. మిషిగన్, చికాగో మిత్రులకి చలిలో గ్రీజు గట్టిపడటం, రోడ్డు మీద చల్లే ఉప్పు వల్ల గ్రౌండు వైర్లు తుప్పు పట్టడం రెండూ ఉంటాయి.

ఎవరూ నొక్కకుండానే తాళాలు వాటంతటవే పడి లేస్తుంటే పిల్లలు దయ్యం అంటారు. గడియలో ఉండే చిన్న స్విచ్చి చేసే పని అది. తలుపు మూసే ఉన్నా తెరిచి ఉందని కంప్యూటరుకి చెబుతుంది. నడుస్తున్నప్పుడు తలుపు తెరిచిన గుర్తు డ్యాష్‌బోర్డు మీద వెలిగినా, లోపలి లైటు ఆరకుండా మినుకుమన్నా అనుమానం దానిమీదే. గడియలోకి ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొడితే కొన్నిసార్లు కుదురుతుంది. వానాకాలంలోనే వచ్చే లోపమైతే తలుపు అడుగున నీళ్ళు పోయే కన్నాలు పూడిపోయాయేమో చూడండి. ఎప్పుడో అద్దం బాగుచేయించినప్పుడు లోపలి ప్లాస్టిక్ పొర సరిగ్గా అతికించకుండా వదిలేశారేమో కూడా. విడిగా పెట్టించుకున్న అలారం, రిమోటు స్టార్టు లాంటివి ఉంటే వాటి అతుకులే ముందు చూడాలి.

ఇవేవీ మీ ఒంటికి పడకపోతే మెకానిక్‌కి ఇవ్వండి, కానీ ఉత్త చేతులతో వెళ్ళకండి. ముందు మీ కారు 17 అక్షరాల విన్ నంబరుతో కేంద్ర ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో రీకాల్ ఏమైనా ఉందేమో చూడండి. ఉంటే సాధారణంగా డీలరు ఉచితంగా చేస్తారు. అదే చోట మీ మోడలుకి కంపెనీ మెకానిక్కులకి పంపిన సర్వీసు బులెటిన్లు కూడా దొరుకుతాయి. కారు కొత్తదైతే వారంటీ చూసుకోండి. బయట షాపులో మామూలు సర్వీసు చేయించినంత మాత్రాన వారంటీ పోదు, 1975 నాటి ఫెడరల్ చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఇరవై డాలర్ల కోడు రీడరు తగిలించి "కోడేమీ లేదు" అంటే నమ్మెయ్యకండి. అటువంటివి ఎక్కువగా ఇంజను కోడులే చదువుతాయి, తలుపుల కోడులకి పెద్ద స్కానరు కావాలి. నోటుబుక్కు ఫోటోలు, వీలైతే తలుపు మొరాయించినప్పటి వీడియో ఒకటి చూపించండి. ఉదయం చలిలోనే వచ్చే లోపమైతే కారుని ముందురోజు సాయంత్రమే షాపులో వదిలి, రాత్రంతా బయట ఉంచి, పొద్దున్నే మొదటిసారి తాళం తీసేది మెకానిక్కే అయ్యేలా మాట్లాడుకోండి.